రెండు బల్లల మీద ఒకే గుడ్డ

ఏడో క్యాంపు, షోన్‌ఆకర్ కాలనీ
మార్చి, ఆదివారం మధ్యాహ్నం

చెల్లీ నేతా,

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం క్షేమం అని మొదట రాయాలి కాబట్టి రాశాను. ఇక సంగతులు విను.

కార్నివాల్ వారంలో పట్టిన వాన మొన్నటిదాకా వదల్లేదు. సోయా చేలో కాలు పెడితే మోకాలిదాకా దిగబడుతోంది. ఎర్రావు ఈనింది. మళ్లీ కోడెదూడే. ఈ ఇంట్లో ఆవులకి కూడా నా మీద పగ. ఈస్టు పాడైపోయి పోయిన శనివారం బన్నులు పొంగలేదు, రాళ్లలా దిగాయి. చిన్నాళ్లిద్దరూ వాటితో పెరట్లో బాతుల్ని కొట్టారు.

మార్గరేత బాప్తిస్మం పాఠాలకి వెళుతోంది. పెంతెకొస్తు పండక్కి దాని తల మీద నీళ్లు పోస్తారు. ఆ తర్వాత పెళ్లి. అబ్బాయి సంఘం డీకన్ గీస్‌బ్రెక్ట్ గారి కొడుకు ఫ్రాంజ్. మంచి పిల్లాడు, నోట్లో నాలుక లేదు. నా కూతురికి ఉన్నది ఇద్దరికీ సరిపోతుందిలే.

మీ బావకి కాస్త జలుబు చేసింది. పిల్లలకి అంటుతుందని పక్కన చిన్న బల్ల వేసుకుని తింటున్నాడు. అంతే, విశేషాలు ఏమీ లేవు. మరిదిని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ అక్క
యుస్తీనా


ఆబెండ్‌ఫెల్ట్ కాలనీ, బేనీ
ఏప్రిల్

అక్కా,

నా చెవిలో పువ్వేమైనా కనబడిందా నీకు? బావకి విషజ్వరం వచ్చి మంచం పట్టిన రోజుల్లో ఆయన చెంచాతోనే చారు రుచి చూసి ఉప్పు వేసినదానివి నువ్వు. అలాంటిదానివి జలుబుకి బల్ల మార్చావా? అబద్ధమాడితే అతికినట్టుండాలే తల్లీ. చిన్నప్పట్నుంచీ నీకు అది చేతకాదు. పిండివంట దొంగిలించి మూతి తుడుచుకోవడం మర్చిపోయేదానివి.

సూటిగా అడుగుతున్నాను. బావని వెలి వేశారా?

ఇక్కడ మేం బాగున్నాం. నీ మరిది ఐజాక్ ఇంకో ట్రాక్టరు కొన్నాడు. దాని రబ్బరు చక్రాలు నా ఎత్తున ఉన్నాయి. ముందు దీపాలు కూడా ఉన్నాయి, వెలిగిస్తే చేను పట్టపగల్లా ఉంటుంది. వంటింట్లో ఐసు పెట్టె ఉంది. వెన్న కరగదు. నువ్వు చూస్తే ముందు ప్రార్థన చేసి, తర్వాత తలుపు తీసి తల లోపల పెట్టి కూర్చుంటావు.

మార్గరేతకి నా ముద్దులు. జవాబు రాయి. ఈసారి నిజం రాయి.

నేతా


ఏడో క్యాంపు
ఏప్రిల్ చివర

నేతా,

అవును, వేశారు.

నీకు తెలియకూడదనే అనుకున్నాను. నువ్వు నవ్వుతావని కాదు, జాలిపడతావని. జాలి నాకు పడదు.

కార్నివాల్ వారంలో చీజు ఫ్యాక్టరీ దారి మొత్తం మడుగైపోయింది. బగ్గీలు కదల్లేదు. ఇనుప చక్రాల ట్రాక్టరు దింపితే పొట్ట ఆనేదాకా కూరుకుపోయింది. క్యాంపులోని ఇళ్లన్నిటి పాల క్యాన్లూ మా అరుగు మీదికి చేర్చారు. మా ఇల్లే గదా దారి మొదట ఉంది. ఇంకో పూట ఆగితే పాలన్నీ విరిగిపోతాయి.

అలాంటప్పుడు దోన్ ఫ్లోరెన్సియోని కూలికి పిలవడం ఎప్పుడూ ఉన్నదే. నీకు గుర్తుందిగా, కాలనీ అంచున చేను ఉన్న ఆ బొలీవియా ఆయన, మన సంఘం మనిషి కాదు. ఆయన రబ్బరు చక్రాల ట్రాక్టరు తెచ్చుకుని, ఆయనే నడిపితే మనకి తప్పు లేదు. చక్రం ఆయనది, పాపమూ పుణ్యమూ ఆయనవి. కానీ కార్నివాల్ కదా, ఆయన రంగులు పూసుకుని చిందెయ్యడానికి పట్నం పోయాడు. ట్రాక్టరు మా కొట్టంలో పెట్టి పోయాడు, తాళం మేకుకి వేలాడుతోంది.

మీ బావ ఎక్కి నడిపాడు. క్యాన్లన్నీ ఫ్యాక్టరీలో దింపి, తిరిగొచ్చి, తాళం మళ్లీ మేకుకి తగిలించాడు. ఆ రోజు ఒక్కరూ నోరెత్తలేదు. డీకన్ గారి క్యాన్లు కూడా అందులోనే వెళ్లాయి.

గురువారం సంఘం కూడినప్పుడు పిలిచారు. నేతా, మనవాళ్లు రబ్బరు చక్రం నడపకూడదన్న ఆ కట్టుబాటు ఎందుకుందో నాకు తెలుసు. రబ్బరు చక్రం ఎక్కితే ఊరు దగ్గరవుతుంది, ఊరు దగ్గరైతే పిల్లలు దూరమవుతారు. నేను ఒప్పుకునే మాటే అది. నువ్వు మొహం చిట్లించుకో, నేను ఒప్పుకుంటాను. వాళ్లు అడిగింది కూడా పెద్దదేం కాదు. లేచి నిలబడి, 'పాపం చేశాను, క్షమించండి' అనాలి. అంతే. దానికి మీ బావ, 'పాపమని నాకు తోస్తే చెప్పనా? తోచనిదాన్ని తోచిందని దేవుడి ముందు ఎలా చెప్పను?' అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. 'ఆ పాలతో చేసిన చీజు మీరూ తిన్నారుగా' అని కూడా అన్నాడు.

ఇంకేముంది, వెలి.

ఇప్పుడు నా బతుకు ఇది. బాప్తిస్మం పొందిన వాళ్లెవరూ ఆయనతో ఒక బల్ల దగ్గర తినకూడదు. చేతి నుంచి చేతికి ఏదీ మారకూడదు. పొద్దున్నే ఇద్దరం పక్కపక్కన కూర్చునే పాలు పితుకుతాం. ఆయన బకెట్ నేల మీద పెడతాడు, నేను వంగి తీసుకుంటాను. పెరట్లో ఉన్న ఎండాకాలపు వంటింట్లో పడుకుంటున్నాడు. చిన్నాళ్లకి ఏ కట్టూ లేదు, నాన్న బల్ల దగ్గర చోటు కోసం రోజూ తన్నుకుంటారు. మార్గరేత కూడా ఇంకా నాన్నతోనే తింటోంది. పెంతెకొస్తు దాకా.

నేనొక పని చేశాను, ఎవరికీ చెప్పకు. చిన్న బల్లని పెద్ద బల్ల పక్కకి జరిపాను. మధ్యలో బెత్తెడు ఖాళీ. రెంటి మీదా అమ్మ కుట్టిన పొడుగు గుడ్డ పరిచాను. పైనుంచి చూస్తే ఒకటే బల్ల. ఖాళీకి ఈ పక్క నేను, ఆ పక్క ఆయన. బ్రెడ్డు కోస్తుంటే మోచేయి మోచేయికి తగులుతుంది. కట్టు తప్పలేదు, మొగుణ్ణీ వదల్లేదు.

ఆ రెండు మాటలూ అనేస్తే ఏం పోయిందని రోజూ ఆయన్ని మనసులో తిడుతూనే ఉన్నాను. పైకి అననులే. అన్నా ఆయన నవ్వుతాడు, నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

యుస్తీనా


ఆబెండ్‌ఫెల్ట్
మే మొదట్లో

అక్కా,

ఏ చిన్న బల్ల? అమ్మ పిండి పిసికేదేనా? ఒక కాలు పొట్టిది, కింద చెక్కముక్క పెట్టాలి, అదేనా?

అదే అయితే ఆ బల్లకీ నాకూ పరిచయం ఉంది. అమ్మ పోయినప్పుడు రెండు రోజులు బస్సుల్లో కూర్చుని వచ్చాను. రబ్బరు చక్రాల కాలనీకి పోయామని నన్నూ, ఐజాక్‌నీ వెలి వేశారు గదా. సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఊరంతా పెద్ద బల్లల దగ్గర కాఫీ తాగుతూ అమ్మ గురించి చెప్పుకున్నారు. నాకు ఆ కుంటి బల్ల గోడ వారగా వేశారు. గోడ వైపు చూస్తూ తిన్నాను. అమ్మ చేసినట్టే చేసిన ఎండుపళ్ల చారు పోశారు. చెక్కముక్క కూడా పెట్టలేదు, గిన్నె ఒరిగి ఒళ్లో ఒలికింది.

ఆ రోజు దాని మీద ఏ గుడ్డా పరవలేదు అక్కా.

పోనీలే. తిట్టడానికి రాయడం లేదు. వచ్చెయ్యండి. ఐజాక్‌తో మాట్లాడాను. మా పక్క చేను ఖాళీగా ఉంది. లారీ పంపిస్తాడు, ఆవులు, పొయ్యి, నీ కుట్టుమిషను, అన్నీ ఎక్కించుకు రావచ్చు. ఇక్కడా ప్రార్థన ఇల్లుంది, ఇక్కడా పాటలు పాడతారు. ఇక్కడా దేవుడు ఉన్నాడు. మీ సంఘపెద్ద ఏల్డరు అనుమతి అడిగి వచ్చాడో లేదో నాకు తెలియదు గానీ, ఉన్నాడు.

బెత్తెడు ఖాళీలో ఎన్నాళ్లు కాపురం చేస్తావు?

నేతా


ఏడో క్యాంపు
పెంతెకొస్తుకి ముందు

నేతా,

చలికాలం వచ్చేసింది, దక్షిణపు గాలి మొదలైంది. చేతులు కొంకర్లు పోతున్నాయి, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

డీకన్ గారు వచ్చారు. పెళ్లి మాటలకే వచ్చారు. కాఫీ తాగారు, పొద్దుతిరుగుడు గింజలు కొరికారు, ఫ్రాంజ్ కొత్త గుర్రం గురించి చెప్పారు. లేవబోతూ గుడ్డ అంచు పట్టుకుని ఎత్తి చూశారు. కోపం లేదు ఆయన మొహంలో, అదే నాకు బాధ. "తల్లీ యుస్తీనా, మధ్యలో మనిషి నడిచేంత ఉండాలమ్మా" అన్నారు. మీ బావ అక్కడే ఉన్నాడు. తనే లేచి, కుంటి బల్లని ఎత్తుకెళ్లి గోడ దగ్గర పెట్టాడు.

గుడ్డ మడిచి పెట్టెలో పెట్టేశాను.

ఆ సాయంత్రం మార్గరేత పాఠం పుస్తకం మూసేసి, "అమ్మా, నేను మాట ఇచ్చేది దేవుడికా, బల్లకా?" అంది. చెంప పగలగొట్టాలనిపించింది. నేను అడగాల్సిన మాట అది అడిగింది గదా, అందుకు.

తర్వాతి గురువారం మీ బావ నల్లకోటు తొడుక్కున్నాడు. కూతురి కోసం ఆ రెండు మాటలూ అనేసి వస్తానన్నాడు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. కోటు దులిపాను, టోపీ తెచ్చి బెంచీ మీద పెట్టాను, ఆయన తీసుకున్నాడు. గేటు దగ్గర మార్గరేత అడ్డం నిలబడింది. "నా కోసం అబద్ధమాడావంటే నా తల మీద పోసే నీళ్లు నిలవవు నాన్నా" అంది. ఆయన తిరిగొచ్చి, కోటు విప్పి, ఆవులకి గడ్డి వెయ్యడానికి పోయాడు.

తండ్రీ కూతుళ్లు ఒక్క అచ్చులో పోసినట్టున్నారు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కని. ఆయనతో తింటే నన్నూ వెలి వేస్తారు. అప్పుడు నా కూతురు బాప్తిస్మం తీసుకున్న మర్నాడే తల్లినీ తండ్రినీ ఇద్దర్నీ వదులుకోవాలి. తినకపోతే, రోజుకి మూడు పూటలా ఆయన వీపు చూస్తూ మింగాలి. గోడ వైపు తిరిగి తింటాడు నేతా. నువ్వు ఎలా తిన్నావో ఇప్పుడు రోజూ చూస్తున్నాను.

నీ లారీ వద్దు. మేం వచ్చేస్తే మార్గరేత ఇక్కడ ఫ్రాంజ్ దగ్గర ఉంటుంది. దాని పిల్లల్ని ఎత్తుకోడానికి వస్తే నాకు ఏ గోడ చూపిస్తారు? రబ్బరు చక్రం ఎక్కితే పరలోకం పోతుందన్న భయం నాకు పెద్దగా లేదు, దేవుడు అంత చిన్నబుద్ధివాడు కాడు. పిల్ల పోతుందని భయం. అదీ గాక, నాకు ఈ ప్రార్థన ఇల్లు కావాలి. ఆడవాళ్లందరం ఒక వైపు బెంచీల మీద కూర్చుని ఆ సాగదీసిన పాట ఎత్తుకుంటే, అమ్మ గొంతు కూడా అందులో ఉన్నట్టే ఉంటుంది.

ఎటూ కదల్లేను. కోప్పడకు.

యుస్తీనా


ఆబెండ్‌ఫెల్ట్
అదే నెల

అక్కా,

కోపం లేదు. లారీ పంపనులే.

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను. ఐసు పెట్టె గొప్పలు చెప్పాను, దీపాల గొప్పలు చెప్పాను. ఆ దీపాల పని ఏమిటో చెప్పలేదు. మీ దగ్గర పొద్దు వాలితే ఇనుప ట్రాక్టరు ఆగిపోతుంది, మగవాళ్లు బూట్లు విప్పి ఇంట్లోకి వస్తారు. ఇక్కడ పొద్దు వాలితే దీపాలు వెలుగుతాయి. ఐజాక్, పెద్దాడు, చిన్నాడు, ముగ్గురూ చేలల్లోనే ఉంటారు. మా చేలు అయిపోతే బ్రెజిల్ వాళ్ల చేలకి కూలికి పోతారు. డబ్బాల్లో తిండి పెట్టి పంపిస్తాను. ఖాళీ డబ్బాలు వస్తాయి.

మా బల్ల నువ్వు చూడలేదు. కొత్తది, పన్నెండు మంది కూర్చోవచ్చు. ఒక మూల నేను కూర్చుంటాను. ఎవరూ ఏ కట్టూ పెట్టలేదు, ఎవర్నీ వెలి వెయ్యలేదు. అయినా నేనొక్కదాన్నే.

రమ్మన్నది నీ కష్టం చూడలేక అనుకున్నావు. కాదే. నా ఎదురుగా కూర్చుని తినే మనిషి కావాలి నాకు. సిగ్గు విడిచి రాస్తున్నాను.

నీ గోడ వైపు కనీసం ఒక వీపు ఉంది. దాన్నే చూసుకో.

పండగ ఎలా జరిగిందో తప్పకుండా రాయి. మార్గరేత తల మీద నీళ్లు పోసేటప్పుడు నా తరఫున కూడా ఒక కన్నీటి చుక్క రాల్చు. నీకు ఏడుపు బాగా వచ్చు.

నేతా


ఏడో క్యాంపు
జూన్ చివర

నేతా, నా బంగారు చెల్లీ,

అయిపోయింది. నీళ్లు పోశారు. ఏల్డరు గారి దోసిట్లోంచి నీళ్లు దాని నుదుటి మీదుగా మెడలోకి జారాయి, అది ఒణికింది. నీ కన్నీటి చుక్క నీ కోసం వేరేగా రాల్చాను, పక్కావిడ రుమాలు ఇచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి డీకన్ గారు, ఆయన భార్య, ఫ్రాంజ్ వచ్చారు. పంది తొడ హామ్ ఉడికించాను. బన్నులు ఈసారి ఉండ మీద ఉండ నిలబడి చక్కగా పొంగాయి. ఎండుపళ్ల చారు చేశాను. పెద్ద బల్ల దగ్గర వాళ్లు ముగ్గురు, వాళ్ల పక్కన నల్ల రుమాలు కట్టుకుని మార్గరేత. గోడ దగ్గర కుంటి బల్ల, దాని దగ్గర మీ బావ, చిన్నాళ్లిద్దరూ. కళ్లు మూసుకుని మౌన ప్రార్థన అయింది. నేను అందరికీ వడ్డించి, నా కంచంలో పెట్టుకున్నాను.

"ఇక కూర్చో యుస్తీనా" అంది డీకన్ గారి భార్య.

కూర్చోవాలనే అనుకున్నాను. దేవుడి తోడు, ఏ ఎత్తూ వెయ్యలేదు. మార్గరేత వాళ్ల నాన్న వీపు చూస్తోంది, కంచంలో ముక్క ముట్టలేదు. నా కాళ్లు ఆ బల్ల వైపు పోలేదు. ఈ బల్ల వైపు పోవడానికి లేదు. మధ్యలో ఇటుకల పొయ్యి ఉంది గదా, అక్కడ ఆగిపోయాను. "నడుం పట్టేసింది, నిలబడే తింటాను" అన్నాను. కంచం పొయ్యి గట్టు మీద పెట్టుకుని తినడం మొదలుపెట్టాను.

తర్వాత గోడ దగ్గర బెంచీ కిర్రుమంది. మీ బావ కంచం పట్టుకుని వచ్చి పొయ్యికి అవతల నిలబడ్డాడు. నా వైపు చూడలేదు, హామ్ వైపు చూస్తూ నములుతున్నాడు. వెంటనే మార్గరేత లేచింది. దాని మొహం నిప్పులా ఉంది. వచ్చి నా పక్కన నిలబడింది. నోట్లో నాలుక లేని ఫ్రాంజ్ తండ్రి వైపు చూశాడు, మార్గరేత వైపు చూశాడు, బన్ను నోట్లో కుక్కుకుని కంచంతో సహా వచ్చేశాడు. చిన్నాళ్ల సంగతి చెప్పాలా, వాళ్లకి ఇది ఆట.

అంత పెద్ద బల్ల దగ్గర డీకన్ గారు, ఆయన భార్య మిగిలారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు ఆయన.

నేను చెంచా కింద పెట్టాను. "వెలిలో ఉన్నవాళ్లతో ఒక బల్ల దగ్గర కూర్చోవద్దన్నారు, కూర్చోవడం లేదు అయ్యగారూ. పొయ్యి దగ్గర నిలబడొద్దని ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఇప్పుడే జరుగుతాం."

ఆయన బన్ను చాలాసేపు నమిలారు. మంచివాడు నేతా, ఆయన కూడా ఇరుక్కుపోయాడు. చివరికి, "తెలియదు. గురువారం ఏల్డర్ని అడుగుతాను" అన్నారు.

"మీరు అడిగొచ్చేదాకా నాకూ నడుం నొప్పే" అంటూ ఆయన భార్య కంచం పట్టుకుని లేచింది.

విడుదల దొరికిందని మాత్రం అనుకోకు. గురువారాలు వస్తున్నాయి, పోతున్నాయి, పెద్దలు తేల్చడం లేదు. ఔనంటే కట్టు సడలుతుంది, కాదంటే పొయ్యి దగ్గర నిలబడటం పాపమని పలకాలి. తేల్చేదాకా మేం మూడు పూటలా నిలబడే తింటున్నాం. నా కాళ్ల నరాలు తాళ్లలా లేచాయి. బకెట్ ఇప్పటికీ నేల మీదే పెడతాడు, ఇప్పటికీ ఎండాకాలపు వంటింట్లోనే, ఈ చలిలో, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటాడు. ఆ రెండు మాటలూ అనడు. నేనూ అడగడం మానేశాను. పొయ్యికి అటూ ఇటూ నిలబడితే ఆయన మొహం కనిపిస్తోంది. ఫిబ్రవరి తర్వాత ఆయన తినేటప్పుడు ఎదురుగా మొహం చూడటం ఇదే. ముసలాడైపోయాడే. ఆవులాగా ఒక పక్కనే నములుతున్నాడు. పన్ను నొప్పట, ఇన్నాళ్లూ చెప్పలేదు.

మార్గరేత పెళ్లి ఆగస్టులో. నువ్వు రా. ఐజాక్‌కి తీరకపోతే ఒక్కదానివే బస్సెక్కు. గోడ దగ్గర నీకు ఏ బల్లా వెయ్యను. కుంటిదాన్ని కొట్టంలో పడేశాను, కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. నీ కంచం పొయ్యి గట్టు మీద పెడతాను, నువ్వే తీసుకో. చేతికివ్వలేను. నా పక్కన నిలబడి తిను, చోటుంది.

నీ అక్క
యుస్తీనా